ఇరవై రెండు మూరల మూగా దారం

ఆ ఎండాకాలం పోయినవి ముందు లెక్క చెప్పేస్తాను. సీసంతో పోసిన చేపబొమ్మలు ఏడు. రబ్బరు కప్ప ఒకటి. నలభై నంబరు తంగూసు, అంటే నైలాను గాలపుదారం, దాదాపు చుట్టంతా, ముప్పై నంబరుది ముప్పాతిక చుట్ట. నాన్న కుడిచేతి చూపుడువేలి మీద చర్మం. పక్కింటి పెద్దమ్మ ఆరబెట్టుకున్న ఎండుచేపల దండ ఒకటి. ఒక పెద్ద వాలుగ చేప. అది మా చేతికి ఎప్పుడూ రాలేదు కనక పోయినవాటిలో వేయవచ్చా అని ఇప్పటికీ నాకు సందేహమే. తరువాతి కాలంలో పోయినవి: మేమున్న రైల్వే క్వార్టరు, ఆ వరుసంతా, వర్క్‌షాపు సైరను విని బియ్యం పొయ్యి మీద పెట్టే ఆడవాళ్ళు, ఆదివారం తెలుగు ఆరాధనకు బెంచీలు చాలక గుమ్మంలో నిలబడే మనుషులు, నాన్న. వీటిని ఒకదాని కింద ఒకటి వేసి కూడటం కుదరదని తెలుసు. సీసపు చేపనూ నాన్ననూ కలిపితే వచ్చే మొత్తం దేనికీ పనికిరాదు. అయినా పోయినవి అనుకోగానే నాకు ఈ వరుసలోనే వస్తాయి.

ఇదంతా కదిలింది మొన్న, మా మేడ మీద గదిలో అద్దెకున్న కుర్రాడి వల్ల. ఇంజనీరింగు చదువుకు తెలంగాణ నుంచి ఈ బెంగాలీ రైల్వే ఊరికి వచ్చాడు. ప్రేమ్ బజార్‌లో గది దొరక్క మలంచా దాకా వచ్చి మా ఇంట్లో దిగాడు, రోజూ సైకిలు మీద పోయి వస్తాడు. అతను రాకముందు ఈ ఇంట్లో తెలుగు వినిపించాలంటే నేనే పైకి మాట్లాడుకోవాలి. రిటైరైన రైల్వేవాళ్ళకు పింఛను లెక్కలు చూసిపెట్టడం నా పని. ఎవరూ నేర్పలేదు, ఉత్తర్వులు చదివి చదివి నేర్చుకున్నాను. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది బెంగాలీలు. తెలుగువాళ్ళు వచ్చినా, వాళ్ళ కొడుకులు పక్కన నిలబడి హిందీలో అడుగుతారు.

కుర్రాడు నాలుగు ప్లాస్టిక్ చుట్టలు చేతుల్లో పట్టుకుని దిగి వచ్చాడు.

"ఆంటీ, మీ గోడకు ఆ పాత రీలు ఏలాడుతుంది గదా. మీకు ఫిషింగ్ వచ్చా?"

"పట్టడం నేదు. కూసోడం వచ్చు."

"గట్లైతే ఇది జర చెప్పుండ్రి. నాలుగు తీర్ల లైన్ తెప్పించిన. కాస్టింగ్‌కు ఏది, జిగ్గింగ్‌కు ఏది? వీడియోలల్ల ఒక్కొక్కడు ఒక్కో ముచ్చట చెప్తున్నడు."

"ఇలా తే." ఒక చుట్ట తీసుకుని దారం కొస విప్పాను. అద్దాలు లోపల ఉన్నాయి. అలవాటుగా కొసను పెదాల మధ్య పెట్టి మెల్లగా లాగాను.

"అయ్యో, నోట్ల పెడ్తరేంది ఆంటీ!"

నైలాను రుచి ఏమీ ఉండదు. కాని ఆ రుచి లేనితనంతోపాటు కాసాయి నది నీళ్ళ వాసన, ఆవనూనె కలిపిన మురీల, అదే మన మరమరాల, వాసన, నాన్న చొక్కాకుండే ఇనుపరజను వాసన వరసగా వచ్చేశాయి. "సాయంత్రం చెప్తాను, ఎల్లి సదువుకో," అని పంపేశాను.

*

మా ఇంట్లో అంకె పెరిగితే సన్నబడేది.

ఇది వేరేవాళ్ళకు వింతగా ఉంటుంది కనక కొంచెం వివరించాలి. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. తీగల పనీ చూసేవాడు. ఆయన జేబులో ఎప్పుడూ అరచేతంత గుండ్రటి ఉక్కు బిళ్ళ ఉండేది. దాని అంచు చుట్టూ గాళ్ళు, గాడి పక్కనే నంబరు. తీగ ఏ గాడిలో సరిగ్గా పడితే అది ఆ నంబరు. ఒకటో నంబరు గాడిలో నా చిటికెనవేలు దూరేది, ముప్పై ఆరో గాడిలో వెంట్రుక కంటే కాస్త లావుది మాత్రమే పట్టేది. అంటే నంబరు పెద్దదయ్యేకొద్దీ తీగ సన్నం. అమ్మ కుట్టుపని చేసేది. ఆమె దారపు రీళ్ళదీ అదే దారి. నలభై మోటు, అరవై సన్నం, ఎనభై పట్టు జాకెట్లకు. అన్నం తింటూ వాళ్ళిద్దరూ నంబర్లు చెప్పుకుంటే ఒకరిది ఇనుము, ఒకరిది నూలు. అయినా ఒకరికొకరు అర్థమయ్యేవారు.

ఆ ఎండాకాలానికి ముందటి వానల్లో అమ్మ పోయింది. తరువాత నాన్న మాటలు తగ్గిపోయాయి. మాట్లాడినా ఎక్కువగా నంబర్లే. "రెండో నంబరు అగ్గిపెట్టి తే" అంటే అటక మీద రెండోది. "మూడు కొట్టింది, పడుకో." ఆదివారం ఆరాధన అయ్యాక ఇంట్లో కూర్చోలేకపోయేవాడు. ఊరు ఒదిలిపోతున్న ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఒకాయన దగ్గర పాత హుయిల్ ఒకటి కొన్నాడు. హుయిల్ అంటే ఇక్కడి మాటలో గాలపు దారం చుట్టుకునే చక్రం. రెండోది తనే సైకిలు హబ్బుతో చేసుకున్నాడు. ఆ డ్రైవరే రెండు విద్యలు చెప్పి వెళ్ళాడు. ఒకటి విసరడం: నాచు అంచున రబ్బరు కప్పను దూరంగా వేసి, గెంతుతున్నట్టు లాక్కురావాలి, కొరమీను కోసం. రెండోది దించడం: లోతున్నచోట సీసపు చేపను నిలువుగా కిందికి వదిలి, అడుగు తగలగానే ఎత్తడం, దించడం, ఎత్తడం, దించడం. అది వాలుగ కోసం. కాస్టింగ్, జిగ్గింగ్ అనే మాటలు మేం వినలేదు. మాకవి విసురు, దింపు.

సీసపు చేపలు నాన్నే పోసేవాడు. ఇటుకలో చేప ఆకారం గుంట చెక్కి, గాలం అందులో పెట్టి, గోల్‌బజార్‌లో తూకానికి కొన్న పాత సీసం గరిటెలో కరిగించి పోసేవాడు. ఆ సీసపు పొగ నాకు తగలకూడదని నన్ను గుమ్మం అవతల నిలబెట్టేవాడు. అక్కడినుంచే "నాన్నా, దీనికి కన్ను పెట్టు" అని అరిచేదాన్ని. మేకుతో ఒక చుక్క కొట్టేవాడు.

"అదొక్క కన్నేటి? రెండోవైపు?"

"రెండోవైపు నీళ్ళే కదే. ఏటి సూసెద్ది?"

అదీ మా ఇద్దరి మధ్య అతిపెద్ద సంభాషణ ఆ రోజుల్లో.

*

పక్క క్వార్టరులో పెద్దమ్మ ఉండేది. రక్తసంబంధం కాదు. అమ్మకు ఊరి వరస. ఆమే నాకు జడ వేసేది, చీరకొంగున దాచి రొయ్యపొడి తెచ్చిపెట్టేది. నన్ను హాస్టలుకు పంపమని నాన్న చెవిలో పోరింది కూడా ఆమే.

"మరిదీ, ఆడగుంట. రేపో మాపో ఎదిగొచ్చెద్ది. నువ్వు సైరనుకి ఎల్తే మళ్ళీ సైరనుకి గానీ రావు. దానికి మంచీ సెడ్డా ఎవులు సెప్తారు? మనవైపు మిషన్ హాస్టల్లో ఎయ్యి. అమ్మగార్లు సూసుకుంతారు."

నాన్న సీసపు చేపను సానరాయి మీద రుద్దుతూనే ఉన్నాడు.

"ఇనిపిస్తందేటి? అదీ ఇదీ కాక, పరిశుద్ధ దినాన గాలాలేటి మీ ఇద్దరికీ?"

"ప్రభువు శిష్యులు ఏటి పని సేసినారు వదినా?"

"ఆళ్ళు వలొదిలేసి ఎల్లినారు. నువ్వు ఆరాధనొదిలేసి ఎల్తన్నావు."

"ఒదిలేసి ఎప్పుడెల్లినాను? అయిపోనాకే ఎల్తన్నాను."

కాని ఆ రాత్రి అన్నం దగ్గర "జూన్లో" అన్నాడు. అంతే. ఏమిటని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ట్రంకుపెట్టె మరునాడే వచ్చింది, పచ్చరంగుది, మంచం కింద పెట్టాడు. అప్పటినుంచి నాకొకటే పని పడింది. నాన్నకు అవసరమైన మనిషిని కావాలి. ఇంట్లో వంటకు పెద్దమ్మ ఉంది, బట్టలకు చాకలి ఉన్నాడు. చేపలకు ఎక్కే నావలో మాత్రం సాయానికి ఎవరూ లేరు. గాలాలు కట్టేదాన్ని, దారం చిక్కు తీసేదాన్ని, చేప పడితే వల గంప అందించేదాన్ని నేనే. ఒక్క వాలుగ పడితే, అది నా చేతిమీదుగా పడితే, నాన్న నన్ను పంపడు. అలా అని ఆయన ఎప్పుడూ అనలేదు. అది నేను వేసుకున్న లెక్క.

అందుకని క్వార్టర్ల మధ్య సందులో రబ్బరు కప్ప విసరడం సాధన చేశాను. మూడో విసురుకే గాలం పోయి పెద్దమ్మ దండెం మీద ఆరబెట్టిన ఎండు వాయిలాల దండకు తగులుకుంది. లాగాను. దండ మొత్తం కాలువలో పడింది.

"ఓలమ్మో! ఎండుసేపకి గాలమేసిన గుంటని ఎక్కడేనా సూసినారా! నీళ్ళల్లో సేపలన్నీ అయిపోనాయేటే?"

నాన్న అరుగు మీద కూర్చుని తల వంచుకున్నాడు. నవ్వాడేమోనని ఒంగి చూశాను. లేదు.

*

దారం అయిపోవడంతో ఒక శనివారం సాయంత్రం గోల్‌బజార్ వెళ్ళాం. లోడ్ షెడ్డింగ్. బజారంతా లాంతర్లు, కొవ్వొత్తులు, చేపల బల్లల మీద తడి మెరుపు. గాలాల కొట్టు బెంగాలీ ఆయనది. తంగూసు చుట్టలు కాగితం చుట్టి, మీద పెన్సిలుతో నంబరు వేసి, గాజుబల్ల కింద పెట్టేవాడు.

"ముప్పై నంబరుది సూపించు," అన్నాడు నాన్న హిందీలో.

చుట్ట విప్పి కొస లాగి, జేబులోంచి ఉక్కు బిళ్ళ తీసి లాంతరు దగ్గర పెట్టాడు. ముప్పయ్యో గాడిలో తంగూసు సరిగ్గా పట్టింది. ముప్పై ఒకటిలో పట్టలేదు. ఆయన ముఖం అమ్మ పోయాక మొదటిసారి విప్పారింది.

"సూసినావేటే? ఆళ్ళ నంబర్లూ మన నంబర్లే."

నేనూ గొప్పగా తలాడించాను. విసిరేదానికి సన్నగా ఉండాలి, దించేదానికి లావుగా ఉండాలి అని డ్రైవరు వెళ్తూ చెప్పాడు. కాబట్టి నాన్న లెక్క ప్రకారం విసురుకు నలభై, దింపుకు ముప్పై. నలభై కొలిచి చూద్దామంటే బిళ్ళ ముప్పై ఆరుతో ఆగిపోతుంది. నలభయ్యో గాడి దాని మీద లేనే లేదు. అంత సన్నదాన్ని కొలవడమెందుకు?

ఏ దారం దేనికో నాన్న చెప్పగా విని, కొట్టాయన మేం వెంట తెచ్చిన సైకిలు హబ్బు చక్రం చూసి, డ్రైవరు హుయిల్ చూసి, చేతిలో చుట్టలు చూశాడు. "దాదా, ఉల్టో బోల్ఛేన్ నా తో?" తిరగేసి చెప్పడం లేదు కదా అని.

"నంబర్లు నాకు సెప్తాడు," అని నాన్న నాతో తెలుగులో అన్నాడు. కొట్టాయనకు "ఠీక్ హై, ఠీక్ హై" అన్నాడు.

నిజం ఏమిటంటే తంగూసు నంబరు మిల్లీమీటరులో వందో వంతుల లెక్క. అంకె పెరిగితే లావెక్కుతుంది. మా నంబరు ఒక వైపు నడుస్తుంటే వాళ్ళది ఎదురు నడుస్తోంది. సరిగ్గా ముప్పై దగ్గర రెండూ ఒకదానికొకటి తగులుతాయి. నాన్న ఆ ఒక్కచోటే కొలిచాడు.

*

కాసాయి మీద రైలు వంతెన స్తంభాల దగ్గర ఎండాకాలంలో కూడా లోతు ఉండేది. మిగతా నదంతా ఇసుక. అక్కడ ఒక ముసలి నావ దాదా ఉండేవాడు. పొడవాటి చేతులు, పంచె, మెడలో తాయెత్తు. నాన్నను మిస్త్రీ అనేవాడు, నన్ను ఖుకీ అనేవాడు, అంటే చిట్టితల్లి. మా టిఫినులో ఎండు నెత్తళ్ళ వేపుడు చూసి ముక్కు మూసుకునేవాడు, తరువాత తనే రెండు వేళ్ళతో తీసుకుని తన మురీల్లో కలుపుకునేవాడు. మురీలు, ఆవనూనె, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. ఒకే గిన్నె, మూడు చేతులు. వంతెన మీద రైలు పోతుంటే ముగ్గురం నమలడం ఆపి పైకి చూసేవాళ్ళం. నాన్న డబ్బాలు లెక్కపెట్టేవాడని నాకు తెలుసు, నేనూ లెక్కపెట్టేదాన్ని కనక. పైకి ఎవరం చెప్పుకునేవాళ్ళం కాదు.

కొత్త దారంతో ఏదీ కలిసి రాలేదు. కప్ప ముందుకు పోయేది కాదు. దారం చక్రం మీద బిగుసుకుని ఉంగరాలుంగరాలుగా లేచి, చిక్కుపడి, సగం దూరంలో ఆగిపోయేది. చిక్కు పడినంత మేర కోసేయాల్సి వచ్చేది. "నూనె తక్కువైందేమో," అని నాన్న చక్రానికి నూనె వేశాడు. గాలి ఎదురుగా ఉందన్నాడు. చిక్కు తీస్తూ నేనన్నాను, "నాన్నా, ఇది లావుగా ఉందేటి?"

"నలభై లావెలా అవుద్దే?"

నిజమే అనిపించింది. నలభై లావెలా అవుతుంది? అప్పటికి నాన్న వేళ్ళు ఎలాగూ ఇనుముతో మొద్దుబారిపోయాయి. నా వేళ్ళు చెబుతున్నాయి గాని, వేళ్ళ కంటే అంకె మీదే మా ఇంట్లో గురి ఎక్కువ.

దించిన గాలాలేమో ఒక్కొక్కటే పోయాయి. స్తంభం రాళ్ళకు రాసుకుంటే తెగేది, గట్టిగా ఎత్తితే తెగేది. ఒంటికంటి సీసపు చేపలు ఆరు కాసాయి అడుగున పడుకున్నాయి. దాదా చూసి చూసి "చేపలకి చేపల్ని పంచుతున్నావు మిస్త్రీ," అన్నాడు.

*

జూన్‌కు ముందు ఆఖరి ఆదివారం. ట్రంకుపెట్టె మీద పేరు రాసేశారు. పెద్దమ్మ గౌన్లకు గుర్తులు కుట్టేసింది. నావ ఎక్కుతూ నాలో నేను ప్రార్థన చేసుకున్నాను, చేపల కోసం ప్రార్థన చేయడం పాపమేమోనని మళ్ళీ దానికొక ప్రార్థన.

పొద్దు వాలుతుండగా వాలుగ పట్టింది. పట్టడమంటే కొట్టడమే. నాన్న చెయ్యి మోచేతి దాకా నీళ్ళలోకి పోయింది. చక్రం గిర్రున తిరిగింది. ఆపబోయి వేలు అడ్డం పెట్టాడు. నీటిపైన ఒక్కసారి దాని వీపు కనిపించింది, మెత్తటి బూడిదరంగు, పలక అంత వెడల్పు. తరువాత టప్‌మని చిన్న చప్పుడు. అంతే. దారం గాలిలో తేలి వచ్చి నా మొహం మీద పడింది.

నాన్న వేలి చుట్టూ ఎర్రటి గీత, రక్తం చుక్కలు చుక్కలుగా నావలో పడుతోంది. ఆ చేత్తో ముడి వేయలేడు. మిగిలిన సీసపు చేప ఒకటే.

"నాను కడతాను," అన్నాను.

తెగిన ముప్పై కొస తీసుకుని, సూదిలో దారం ఎక్కించే ముందు అమ్మ చేసేట్టు, పెదాల మధ్య పెట్టి తడిపాను. అది ఒంటిపేట చాలదేమో, రెండూ పేనుదామని విసిరే చక్రం మీద ఇంకా మిగిలిన నలభై ముక్క కొస తీసుకుని దాన్నీ అలాగే తడిపాను. పెదాలు అబద్ధం చెప్పవు. ఒకటి వెంట్రుక, ఒకటి ఈనె.

"నాన్నా, నలభయ్యే లావు."

"మళ్ళీ అదే మాట..."

"అమ్మ తోడు. నోట్లో ఎట్టుకుని సూడు."

అమ్మ తోడు అనడం మా ఇంట్లో నిషేధం. నాన్న నా వైపు చూశాడు. రక్తం కారుతున్న చేత్తోనే ఉక్కు బిళ్ళ తీశాడు. నలభై కొసను ముప్పై ఆరో గాడిలో పెట్టాడు. పట్టలేదు. ముప్పై. పట్టలేదు. ఒక్కొక్క గాడే వెనక్కి వచ్చాడు. ఇరవై ఏడులో పట్టింది.

బిళ్ళను చాలాసేపు చూశాడు. తరువాత ఏదో దగ్గులాంటిది మొదలైంది. దగ్గు కాదు. నవ్వుతున్నాడు. భుజాలు ఊగేలా, కళ్ళనీళ్ళు వచ్చేలా, నావ ఊగేలా నవ్వాడు. "ఉల్టో బోల్ఛేన్ నా తో అన్నాడే, ఓలమ్మ! ఆడు సెప్పినాడే! ముప్పై దగ్గర కలిసిపోనాయని మొత్తం ఒకటే అనుకున్నానే గుంటా!" దాదాకు సంగతి ఏమీ తెలియకపోయినా ఆయనా నవ్వాడు. నేను మాత్రం ఏడ్చాను. చీకటి పడిపోతోంది, నలభై చూస్తే గట్టిగా రెండు బారలు కూడా లేదు, ముప్పైకి రాళ్ళ దగ్గర బలం లేదు, వచ్చే ఆదివారానికి నదీ లేదు నేనూ లేను.

దాదా నావ అడుగున పలక ఎత్తి గుడ్డమూట ఒకటి తీశాడు. అందులో ముదురు గోధుమరంగు దారం, వెదురుపుల్లకు చుట్టి ఉంది.

"మూగా," అన్నాడు.

నేను మూగ అనుకున్నాను. మాట్లాడని దారం. తరువాత తెలిసింది, మూగా అంటే అస్సాం వైపు పట్టు. దాదా వాళ్ళ నాన్న కాలం నాటిది. నీళ్ళలో నానకుండా గాబు అనే వగరు కాయల రసం పట్టించి దాచుకున్నాడు. మోచేతినుంచి వేలి కొస దాకా తన పొడవాటి చేతికి చుట్టుకుంటూ కొలిచాడు. ఎక్, దుయ్, తిన్... ఇరవై రెండు దగ్గర ఆగి, పళ్ళతో కొరికాడు.

"ధార్ దిలాం, మిస్త్రీ." అప్పిచ్చానని. తరువాత నా వైపు తిరిగి, అదేదో నాకు మాత్రమే చెప్పాల్సిన విషయంలా, నెమ్మదిగా చెప్పాడు. దారం అప్పు ఇచ్చినవాడి చేతితో కొలిచే తీర్చాలట, తీసుకున్నవాడి చేతితో కాదు. పొట్టిచేతివాళ్ళు తమ మూరతో తీరిస్తే దారం ఇచ్చినవాడు దివాలా తీస్తాడు. "ఆమార్ హాతే మేపే. మోనే థాక్‌బే, ఖుకీ?" నా చేతితోనే కొలిచి, గుర్తుంటుందా?

గుర్తుంటుందని తలాడించాను.

ఆ పట్టును తంగూసు ముందు కట్టి, కొసకు ఆఖరి చేపను కట్టాను. నాన్న వేలు గుడ్డతో చుట్టుకుని, దారం నా చేతికిచ్చి, నా చేతి మీద తన చెయ్యి వేశాడు. దించాం. అప్పుడు తెలిసింది, అన్నాళ్ళూ మేం చేసింది గుడ్డి పని అని. తంగూసు సాగుతుంది. పైన మనం ఎత్తినా కింద చేపబొమ్మ నిద్రపోతూనే ఉంటుంది. పట్టు సాగలేదు. అడుగున ఇసుక ఇసుకగా తెలిసింది, రాయి రాయిగా తెలిసింది. సీసం రాతి మీద కూర్చుంటే నా వేలికి ఎవరో తలుపు తట్టినట్టు తెలిసింది. మూగది కాదు అది.

వాలుగ పడింది. ముందటిది కాదు, చాలా చిన్నది, నా చేయంత. దాదా సగం తీసుకున్నాడు. మిగిలిన సగం నాన్న ఆ పూట మామిడికాయ వేసి పులుసు పెట్టాడు. ఉప్పు మర్చిపోయాడు. పెద్దమ్మ రుచి చూసి, "దీనికోసమేటి వేలు కోసుకున్నావు?" అంది.

పడుకునే ముందు అడిగాను. "సేప పడింది కదా నాన్నా. ఇంక పంపీవు కదా?"

ఆయనకు అర్థం కాలేదు. చేపకూ హాస్టలుకూ ఏమిటి సంబంధం అన్నట్టు చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు. దీపం వత్తి తగ్గించి, నా మంచం పట్టె మీద కూర్చుని, "నీకు బాగుండాలనే కదే," అన్నాడు. వేలికున్న గుడ్డ నా బుగ్గకు తగిలింది, చేప వాసన వేసింది. మరో మూడు రోజులకు రైలెక్కాను. పంపడం ఆయన లెక్కలో నన్ను ఎక్కువ చూసుకోవడం. నా లెక్కలో తక్కువ చూసుకోవడం. రెండు లెక్కలూ ఎదురెదురుగా నడిచి ఒక్కచోట తగిలాయి, నావలో, నా చేతి మీద ఆయన చేయి ఉన్నంతసేపు.

*

పూజ సెలవులకు వచ్చినప్పుడు దారం తిరిగి ఇవ్వడానికి వెళ్ళాం. నాన్న గోల్‌బజార్ అంతా వెతికి అలాంటి పట్టుదారం చుట్ట ఒకటి సంపాదించి ఉంచాడు. అయితే వానల్లో కాసాయి ఇసుకను అటుదిటు చేసేసింది. నావ లేదు. దాదా ఎక్కడని అడిగితే ఒకరు కూతురింటికి పోయాడన్నారు, ఒకరు అసలు పోయాడన్నారు. ఏ ఊరో ఎవరికీ తెలియదు. మరుసటి సెలవులకూ వెళ్ళాం, ఆ తరువాతి సెలవులకూ. వంతెన మీద రైలు పోతే ఇద్దరం ఆగి లెక్కపెట్టేవాళ్ళం. అప్పటికి పైకే లెక్కపెట్టేవాళ్ళం.

హాస్టలు చదువు అయ్యాక నేను తిరిగి నాన్న దగ్గరికే వచ్చేశాను. ఆయన రిటైరై మలంచాలో ఈ రెండు గదులు వేసుకున్నాడు. వేలి చుట్టూ ఆ తెల్లటి గీత చివరిదాకా ఉంది. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకున్నప్పుడు నా బొటనవేలు దాని మీదే ఆగింది.

సాయంత్రం కుర్రాడు మళ్ళీ దిగి వచ్చాడు. టీ ఇచ్చి చెప్పాను. విసిరేదానికి సన్నగా, మెత్తగా ఉన్నది తీసుకో. చుట్టనుంచి ఉంగరాలు లేవకుండా జారిపోవాలి. కాస్త సాగినా ఫరవాలేదు, చేప కొట్టినప్పుడు ఆ సాగుడే కాపాడుతుంది.

"మా దిక్కు కొర్రమట్ట నాచుల ఉంటది ఆంటీ. కప్ప వేస్తం."

"నాచులో అయితే సన్నం ఆగదు. అల్లిక దారమే, లావుది. దింపుకి కూడా అల్లిక దారమే, గాని సన్నది. సాగకూడదు. పైన నువ్వు వేలు కదిపితే కింద సీసం కదలాలి. రాళ్ళుంటే ఆఖరి రెండు మూడు మూరలు లావు నైలాను కట్టు, అల్లిక రాతికి రాసుకుంటే తెగెద్ది."

"మరి నంబర్లు? దీని మీద మూడు తీర్లున్నయి."

"ముందు నంబరు ఏ వైపు నడుస్తాదో అడుగు. తరువాత కొను. ఒక్కచోట కొలిసి నమ్మీకు, రెండుచోట్ల కొలిసి సూడు."

నవ్వాడు. గోడ మీది సైకిలు హబ్బు చక్రం దించి చూశాడు. "ఇంద్ల ఉన్న దారం సిల్కా ఆంటీ? ఎంత గట్టిగుంది! నాకొక ముక్క ఇస్తరా?"

"అది నాది కాదు బాబూ."

"ఎవరిది?"

చక్రం అతని చేతిలోంచి తీసుకున్నాను. వాళ్ళమ్మకు ఫోను చేయాల్సిన వేళైందని అతనే మేడ మీదికి వెళ్ళిపోయాడు. పైనుంచి చాలాసేపు తెలుగు మాటలు వినిపించాయి. తరువాత అవీ ఆగిపోయాయి.

తలుపు వేసి దాదా ఇచ్చిన పట్టుదారం విప్పి కొలిచాను; నాన్న కొన్న చుట్ట ఇప్పటికీ విప్పలేదు. ఇది ఎన్నోసారో చెప్పను. హాస్టలుకు పోయే ముందురోజు నా చేతితో ముప్పై ఒక్క మూరలొచ్చింది. నాన్న కొలిస్తే ఇరవై మూడు. ఇప్పటి నా చేతితో ఇరవై అయిదుకు కాస్త తక్కువ. సెంటీమీటర్లలో చెప్పమంటే చెప్పగలను, కాని అడిగినవాడు సెంటీమీటర్లలో అడగలేదు. కొలవాల్సిన చేయి ఒక్కటే, అది ఏ ఒడ్డున ఉందో తెలియదు. దారం మళ్ళీ చుట్టి చక్రాన్ని మేకుకు తగిలించాను.

బాకీ ఇరవై రెండు. దాదా మూరతో.